పాత లారీ వెనక యాక్సిల్: రేషియో ఎంత, బలం ఎంత? కొనేముందు తెలుసుకునే పద్ధతులు

పాత లారీ కొనేవారు ముందుగా ఇంజిన్ చూస్తారు. స్టార్ట్ చేయించి పొగ రంగు గమనిస్తారు, ఆయిల్ మూత తీసి చూస్తారు, గేర్లు వేసి చూస్తారు. తర్వాత టైర్లు, బాడీ, క్యాబిన్, చివరగా కాగితాలు. వెనక యాక్సిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మేవారు చెప్పిన మాటతోనే చాలామంది సరిపెట్టుకుంటారు. 'ఈ మోడల్‌కు ఇదే యాక్సిల్ వస్తుంది' అనేది ఆ మాట. కంపెనీ నుంచి బయటికి వచ్చిన రోజున అది నిజమే కావచ్చు. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగి, మూడు నాలుగు చేతులు మారిన లారీలో ఆ మాట నిజమని నమ్మడానికి ఆధారం లేదు. క్రౌన్, పినియన్ ఎప్పుడో విరిగి ఉండవచ్చు. ఆ రోజు షెడ్డులో దొరికిన వేరే సెట్టు వేసి ఉండవచ్చు. తుక్కుకు పోయిన మరో లారీ నుంచి యాక్సిల్ మొత్తంగా తెచ్చి బిగించి ఉండవచ్చు.

ఈ తేడా కొనేవారి జేబుకు తగులుతుంది. రేషియో పనికి తగినది కాకపోతే చదును రోడ్డు మీద ఇంజిన్ అవసరానికి మించి తిరిగి డీజిల్ తాగుతుంది, లేదా ఘాట్ రోడ్డులో లోడుతో ముక్కుతుంది. బలం విషయంలో పొరపాటు జరిగితే నష్టం అంతటితో ఆగదు. లోడు మీద ఉండగా యాక్సిల్ షాఫ్ట్ తెగినా, హౌసింగ్ విరిగినా ప్రాణాల మీదికి వస్తుంది. రేషియో, బలం రెండూ ఒకే యాక్సిల్‌కు చెందినవే అయినా వాటిని తెలుసుకునే దారులు వేరు. రేషియోను లెక్కపెట్టి కచ్చితంగా చెప్పవచ్చు. బలాన్ని అలా లెక్కపెట్టి చెప్పలేం. కాగితం, కొలత, అరుగుదల మూడూ కలిపి చూసి అంచనాకు రావాలి.

రేషియో అంటే ఏమిటి?

గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర, వెనక యాక్సిల్ లోపల పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది క్రౌన్ వీల్ అనే పెద్ద గేరును తిప్పుతుంది. క్రౌన్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే రేషియో. చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది.

మన రోడ్ల మీద చాలాకాలంగా కనిపిస్తున్న టాటా 1613 తరం లారీలను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ పేరులో మొదటి రెండు అంకెలు మొత్తం బరువు సుమారు 16 టన్నులని, చివరి రెండు అంకెలు ఇంజిన్ శక్తి సుమారు 130 హార్స్‌పవర్ అని సూచిస్తాయి. రేషియో సంగతి ఆ పేరులో ఎక్కడా లేదు. ఈ తరం లారీల్లో 41/6, 41/7 అనే రెండు సెట్లు కనిపిస్తాయి. రెండింటిలోనూ క్రౌన్‌కు 41 పళ్లే. పినియన్‌కు ఒకదానిలో 6, మరోదానిలో 7. మొదటిదాని రేషియో 6.83, రెండోదానిది 5.86. పినియన్‌లో ఒక్క పన్ను తేడాతో రేషియో దాదాపు 17 శాతం మారిపోతుంది.

రోడ్డు మీద ఈ తేడా ఎలా ఉంటుందో చూద్దాం. 10.00-20 సైజు టైరు ఒక చుట్టు తిరిగితే లారీ సుమారు 3.2 మీటర్లు ముందుకు వెళుతుంది. టాప్ గేరులో గేర్‌బాక్స్ లోపల తగ్గింపు లేదనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగానికి 41/7 ఉన్న లారీ ఇంజిన్ నిమిషానికి సుమారు 1,830 చుట్లు తిరుగుతుంది. 41/6 ఉంటే అదే వేగానికి సుమారు 2,135 చుట్లు తిరగాలి. ఇంజిన్ గరిష్ఠంగా 2,400 చుట్లు తిరిగేదైతే మొదటి లారీ గంటకు 79 కిలోమీటర్ల వరకు వెళ్లగలదు, రెండోది 67 దగ్గరే ఆగిపోతుంది. అయితే బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, క్వారీ గుంతలోంచి బయటికి వచ్చేటప్పుడు రెండో లారీయే సులువుగా లాగుతుంది.

ప్లేటు, నంబర్లు ఎంతవరకు నమ్మవచ్చు?

మొదటి ఆధారం కాగితమే. ఛాసిస్ నంబరు, మోడల్ కోడ్, తయారైన సంవత్సరం చెబితే అధీకృత డీలరు విడిభాగాల కౌంటర్‌లో ఆ లారీకి కంపెనీ వేసిన యాక్సిల్ ఏదో, ఏ సెట్టుతో వచ్చిందో పార్ట్స్ కేటలాగ్ చూసి చెప్పగలరు. టాటా లారీల వెనక యాక్సిళ్లకు ఆర్‌ఏ అక్షరాలతో మొదలయ్యే పేర్లు ఉంటాయి. 1613లో వచ్చే ఆర్‌ఏ-109 అలాంటిదే. ఈ పేరు యాక్సిల్ రకాన్ని చెబుతుంది. అదే రకం యాక్సిల్‌లో ఒకటికి మించిన రేషియోలు రావచ్చు కాబట్టి పేరు తెలిసినంత మాత్రాన రేషియో తెలిసినట్టు కాదు.

హౌసింగ్ మీద పోతపోసిన నంబర్లు కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. అవి ఆ హౌసింగ్‌ను పోతపోసినప్పటి గుర్తులు. లోపల ఏ గేర్లు ఉన్నాయో వాటికి తెలియదు. యాక్సిల్ మీద బిగించిన చిన్న ప్లేటు మీద పళ్ల సంఖ్య ఉంటే అది మంచి ఆధారమే. కానీ గేర్లు మార్చిన మెకానిక్ ప్లేటును అలాగే వదిలేసి ఉండవచ్చు. ప్లేటు చూసి ఒక అంచనాకు రావచ్చు, నిర్ధారణ మాత్రం లెక్కపెట్టాకే.

మొదటి పద్ధతి: నేల మీద దొర్లించడం

అన్నిటికంటే తేలికైన, జాకీ అవసరం లేని పద్ధతి ఇది. ఖాళీ లారీని 25 మీటర్ల చదును నేల మీద నిలపాలి. వెనక టైరు మీద, నేలను తాకే చోట సుద్దతో గీత గీయాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద కూడా ఒకవైపు తెల్ల పెయింటు గీత పెట్టాలి. ఛాసిస్‌కు ఒక ఫోన్‌ను గట్టిగా కట్టి, షాఫ్ట్ కనిపించేలా వీడియో ఆన్ చేయాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, మరో బండితో నెమ్మదిగా, తిన్నగా లాగించాలి. డ్రైవరు స్టీరింగ్ దగ్గర ఉండాలి, బ్రేకులు పనిచేయడానికి తగిన గాలి ట్యాంకులో ఉండాలి. లారీ కదులుతున్నప్పుడు కింద మనిషి ఉండకూడదు. ఫోన్ ఉండగా ఆ అవసరం కూడా లేదు.

టైరు సరిగ్గా 7 చుట్లు తిరిగేసరికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో వీడియోలో లెక్కపెట్టాలి. 41/7 సెట్టు అయితే షాఫ్ట్ 41 చుట్లు పూర్తిచేసి, గీత మొదట ఉన్న చోటికే వస్తుంది. 41/6 అయితే దాదాపు 48 చుట్లు తిరుగుతుంది. ఒకే చుట్టు చూసి 'ఆరు కంటే కొంచెం తక్కువ' అని చెప్పడంలో పొరపాటు జరగవచ్చు. పినియన్ పళ్ల సంఖ్య ఎంతో అన్ని చుట్లు చక్రాన్ని తిప్పితే ఆ పొరపాటుకు తావుండదు. అప్పుడు షాఫ్ట్ తిరిగే చుట్లే క్రౌన్ పళ్ల సంఖ్య అవుతుంది.

రెండో పద్ధతి: ఒక చక్రం లేపి తిప్పడం

లారీని కదిలించే వీలు లేని చోట ఈ పద్ధతి వాడతారు. వెనక ఒకవైపు చక్రాలను మాత్రమే నేల నుంచి లేపి, రెండోవైపు నేల మీదే ఉంచాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. డిఫరెన్షియల్ లాక్ ఉన్న బండి అయితే దాన్ని తీసివేయాలి. లేచిన చక్రాన్ని చేత్తో తిప్పుతూ షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఒకవైపు చక్రం నేలమీద ఆగి ఉన్నప్పుడు, డిఫరెన్షియల్ పనితీరు వల్ల లేచిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల షాఫ్ట్ చుట్లను చక్రం చుట్లతో భాగించి, వచ్చినదాన్ని రెండుతో గుణించాలి. చక్రాన్ని 14 సార్లు తిప్పినప్పుడు షాఫ్ట్ సరిగ్గా 41 చుట్లు తిరిగితే అది 41/7. చక్రాన్ని 12 సార్లు తిప్పినప్పుడే 41 వస్తే అది 41/6. రెట్టింపు చేయడం మరిచి 'రేషియో మూడే వచ్చింది' అని కంగారుపడే సందర్భాలు ఇలాగే వస్తాయి.

ఈ పనిలో ప్రమాదం ఉంది. చక్రం తిరగాలంటే పార్కింగ్ బ్రేకు వదలాలి. వదిలాక లారీని ఆపి ఉంచేది ముందు చక్రాలకు, నేలమీద ఉన్న వెనక చక్రానికి రెండువైపులా పెట్టిన దిమ్మెలు మాత్రమే. జాకీని నమ్మి కిందికి దూరకూడదు. జాకీతో లేపాక యాక్సిల్ కింద బరువుకు తగిన ఇనుప స్టాండు పెట్టి, దాని మీదికి బరువు దించాకే పని మొదలుపెట్టాలి. వాలు నేల మీద, మెత్తటి మట్టి మీద, లోడుతో ఉన్న లారీకి ఈ పరీక్ష చేయకూడదు.

మూడో పద్ధతి: విప్పి పళ్లు లెక్కపెట్టడం

యాక్సిల్ షాఫ్టులు లాగి, డిఫరెన్షియల్ క్యారియర్‌ను దించితే పళ్లు కళ్లముందే ఉంటాయి. క్రౌన్ మీద సుద్దతో మొదటి పన్ను గుర్తుపెట్టుకుని లెక్కపెట్టాలి. దీనికి ఖర్చు, సమయం ఎక్కువే. కానీ మిగతా పద్ధతులు చెప్పలేని రెండు విషయాలు ఇక్కడ తెలుస్తాయి. మొదటిది గేర్ల ఆరోగ్యం. రెండోది క్రౌన్, పినియన్ ఒకే జతకు చెందినవా కాదా అనేది.

కంపెనీలో ఈ రెండు గేర్లనూ జతగా కలిపి ఒరిపిడి పెట్టి తయారుచేస్తారు. ఆ జతకు ఒకే నంబరును రెండింటి మీదా చెక్కుతారు. నంబర్లు వేరుగా ఉంటే ఎవరో పినియన్‌నో క్రౌన్‌నో విడిగా మార్చారని అర్థం. పళ్ల సంఖ్య సరిపోయినా అలాంటి జత సరిగా కలవదు. మోత వస్తుంది, పళ్లలో ఒక మూలకే బరువు పడి అక్కడ గుంతలు పడతాయి.

హబ్ రిడక్షన్ ఉన్న బండ్లలో మాత్రం పళ్ల లెక్క సగమే చెబుతుంది. కొన్ని టిప్పర్లలో చక్రం హబ్బులో కూడా చిన్న గేర్ల సెట్టు ఉంటుంది. అక్కడ మొత్తం రేషియో కావాలంటే క్రౌన్ పినియన్ రేషియోను హబ్బు రేషియోతో గుణించాలి. చక్రం తిప్పి లెక్కపెట్టే పద్ధతిలో ఈ చిక్కు లేదు. చక్రం దగ్గర లెక్క మొదలవుతుంది కాబట్టి మొత్తం రేషియోనే నేరుగా వస్తుంది.

స్పీడోమీటర్ చెప్పే సాక్ష్యం

గేర్లు మార్చారా లేదా అని పట్టించే మరో సాక్షి డ్రైవరు ముందే ఉంటుంది. పాత లారీల్లో స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ వెనక భాగం నుంచి వస్తుంది. అంటే అది చక్రాన్ని కాకుండా ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్లను కొలుస్తుంది. 41/7తో వచ్చిన లారీకి తర్వాత 41/6 వేస్తే, అదే దూరానికి షాఫ్ట్ 17 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఫోన్‌లోని జీపీఎస్ 60 అని చూపిస్తుంటే స్పీడోమీటర్ ముల్లు 70 దగ్గర ఉంటుంది. దీనికి భిన్నంగా 41/6 తీసి 41/7 వేస్తే ముల్లు 60 చూపేటప్పుడు నిజమైన వేగం 70 ఉంటుంది. ఇది మరింత ప్రమాదకరం.

టైరు సైజు మార్చినా కొంత తేడా వస్తుంది. కానీ 10.00-20 స్థానంలో 9.00-20 వేస్తే తేడా నాలుగైదు శాతం లోపే ఉంటుంది. ఆరో వంతు తేడా కనిపిస్తే రేషియో మారిందనే అనుమానించాలి. అలాంటి లారీలో మీటరు చూపే మొత్తం కిలోమీటర్లు కూడా తప్పే. వేగ నియంత్రణ పరికరం అదే చోటు నుంచి వేగాన్ని తీసుకుంటుంటే దాని లెక్క కూడా తప్పుతుంది.

బలం ఒకటి కాదు, మూడు

'ఈ యాక్సిల్ ఎంత గట్టిది' అనే ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. వెనక యాక్సిల్ మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, చక్రాలను తిప్పుతుంది, బండిని ఆపుతుంది. ఈ మూడింటి బలాలు వేర్వేరు భాగాల్లో ఉంటాయి. వాటిలో అన్నిటికంటే తక్కువదే యాక్సిల్ బలం.

బరువు మోసేది హౌసింగ్, హబ్బు బేరింగులు. భారీ లారీల్లో ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ ఉంటుంది. అందులో లారీ బరువు హౌసింగ్ గొట్టం చివరన ఉండే రెండు బేరింగుల ద్వారా చక్రానికి చేరుతుంది. లోపలి షాఫ్ట్ మీద బరువు పడదు, అది చక్రాన్ని తిప్పడానికే. దీన్ని గుర్తుపట్టడం తేలిక. హబ్బు మధ్యలో బోల్టులతో బిగించిన గుండ్రటి ఫ్లాంజి కనిపిస్తుంది. ఆ బోల్టులు విప్పితే చక్రం తీయకుండానే షాఫ్టును బయటికి లాగవచ్చు. చిన్న పికప్ బండ్లలో ఎక్కువగా ఉండే సెమీ ఫ్లోటింగ్ రకంలో షాఫ్ట్ బరువునూ మోయాలి, చక్రాన్నీ తిప్పాలి. అక్కడ షాఫ్ట్ తెగితే చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది.

తిప్పే బలం క్రౌన్, పినియన్, యాక్సిల్ షాఫ్టులది. ఇక్కడ కొలతలే మాట్లాడతాయి. క్రౌన్ వ్యాసం ఎంత, షాఫ్ట్ మందం ఎంత, దాని చివర గాళ్లు ఎన్ని అనేవి చూడాలి. షాఫ్ట్ మెలితిరగకుండా నిలిచే బలం దాని వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది. ఒకే ఉక్కుతో చేసినవైతే, వ్యాసం 10 శాతం పెరిగిన షాఫ్ట్ 33 శాతం ఎక్కువ బలంగా ఉంటుంది. బయటికి ఒకేలా కనిపించే రెండు యాక్సిళ్లలో నాలుగైదు మిల్లీమీటర్ల తేడాకు ఎంత విలువ ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి షాఫ్ట్ ఒకటి లాగి కాలిపర్‌తో కొలిచి, పార్ట్స్ కేటలాగ్‌లోని కొలతతో పోల్చడం మేలు.

ఆపే బలం డ్రమ్ము, లైనర్లు, బ్రేకు చాంబర్లది. ఎక్కువ బరువు మోసే యాక్సిల్‌కు వెడల్పాటి డ్రమ్ములు వస్తాయి. వేరే బండి హౌసింగ్ తెచ్చి, పాత చిన్న డ్రమ్ములతోనే నడిపిస్తే మోసే బలం ఉండి ఆపే బలం లేని లారీ తయారవుతుంది.

రేషియో ఎక్కువైతే బలం పెరుగుతుందా?

41/6 వేస్తే 'బండి గట్టిపడింది' అనుకోవడం మామూలే. లాగే శక్తి పెరిగిన మాట నిజం. యాక్సిల్ బలం మాత్రం పెరగలేదు. ఇంజిన్ 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందని, మొదటి గేరు దాన్ని 7.5 రెట్లు చేస్తుందని అనుకుందాం. పినియన్ దగ్గరికి 3,000 న్యూటన్ మీటర్లు చేరతాయి. 41/7 దాన్ని సుమారు 17,600 చేసి చక్రాలకు ఇస్తుంది, 41/6 అయితే 20,500. అంటే పినియన్‌కు వచ్చే బలం మారకపోయినా, యాక్సిల్ షాఫ్టుల మీద మెలిపెట్టే ఒత్తిడి 17 శాతం పెరిగింది. షాఫ్టులు మాత్రం అవే. పైగా ఒకే సైజు క్రౌన్‌కు పళ్లు తగ్గేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది.

టైరు జారిపోతే యాక్సిల్ బతుకుతుందనే ధీమా కూడా లోడు మీద పనిచేయదు. వెనక యాక్సిల్ మీద 10.2 టన్నులు ఉన్నప్పుడు పొడి తారు రోడ్డు మీద టైర్లు జారాలంటే సుమారు 35,000 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. ఇంజిన్ మామూలుగా ఇచ్చేది దానికి చాలా తక్కువ. కానీ గుంతలో దిగబడిన లారీని బయటికి తీయడానికి ఇంజిన్ రేజ్ చేసి క్లచ్చును ఒక్కసారిగా వదిలితే, ఆ దెబ్బ ఇంజిన్ ఇచ్చే టార్క్‌కు ఎన్నో రెట్లు కావచ్చు. టైరు జారదు కాబట్టి ఆ దెబ్బంతా షాఫ్ట్, పినియన్ మీదే పడుతుంది. యాక్సిళ్లు ఎక్కువగా విరిగేది ఇలాంటి చోటే.

కమాన్ పట్టీలు పెంచితే?

కమాన్ కట్టలో పట్టీలు పెంచితే ఎక్కువ బరువు వేయవచ్చనే నమ్మకం లారీ రంగంలో పాతది. పట్టీలు పెంచితే లారీ కుంగదు. కానీ ఆ బరువు పట్టీల దగ్గర ఆగిపోదు. అక్కడి నుంచి హౌసింగ్‌లోకి, బేరింగుల్లోకి, టైర్లలోకి దిగుతుంది. వాటిలో ఏదీ పెరగలేదు. లారీ కుంగకపోవడం వల్ల ఎంత ఎక్కువ వేశామో కంటికి కనిపించకుండా పోయింది, అంతే.

రోలర్ బేరింగు ఆయుష్షు లెక్క ఇంజినీరింగ్‌లో స్థిరపడినదే. దాని ప్రకారం బరువు 20 శాతం పెరిగితే బేరింగు ఆయుష్షు 54 శాతానికి పడిపోతుంది. 50 శాతం పెరిగితే దాదాపు నాలుగో వంతే మిగులుతుంది. ఓవర్‌లోడు వేసిన రోజున ఏమీ జరగకపోవచ్చు. ఆ అరుగుదల అప్పులా పేరుకుపోతుంది. దాన్ని తీర్చేది తర్వాత కొన్న యజమాని.

అరుగుదల ఎలా బయటపడుతుంది?

హౌసింగ్ వంగితే వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి. జంట టైర్లలో లోపలి టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. టైర్లు కొత్తవి వేసి అమ్మకానికి పెట్టిన లారీలో ఈ సాక్ష్యం దొరకదు కాబట్టి, స్టెప్నీ టైరు అరుగుదలను కూడా చూడాలి. కమాన్ కట్ట కూర్చునే చోట, యూ బోల్టుల పక్కన, హౌసింగ్ ఉబ్బెత్తు భాగం గొట్టంతో కలిసే చోట పగుళ్లు వస్తాయి. మట్టి, గ్రీజు కడిగించి చూడాలి. అక్కడ వెల్డింగ్ మచ్చలు, అదనంగా అతికించిన ఇనుప పట్టీలు కనిపిస్తే ఆ హౌసింగ్ ఒకసారి ఓడిపోయిందని అర్థం. వెల్డింగ్ వేడికి దాని పక్కనున్న లోహం బలహీనపడి, మళ్లీ అక్కడే పగిలే అవకాశం ఎక్కువ.

లాగిన షాఫ్ట్ చివర గాళ్లు తిన్నగా ఉండాలి. కొంచెం స్క్రూలా మెలితిరిగి ఉంటే ఆ షాఫ్ట్ ఇప్పటికే తన హద్దు దాటింది. దాన్ని మార్చాల్సిందే. రెండోవైపు షాఫ్టును కూడా అనుమానించాలి, ఎందుకంటే రెండూ ఒకే టార్క్‌ను మోశాయి.

ఆయిల్ కూడా చాలా చెబుతుంది. డ్రెయిన్ ప్లగ్గు తీసినప్పుడు సన్నటి బూడిద రంగు పొడి ఉండటం మామూలే. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలు వస్తే పన్నో, బేరింగో విరుగుతోందని అర్థం. ఆయిల్ పాలరంగులో ఉంటే నీరు చేరింది. హైపాయిడ్ గేర్లలో పినియన్ క్రౌన్ మధ్యగీతకు పక్కకు ఉండటం వల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. అందుకే వీటికి జీఎల్-5 రకం ఆయిలే పోయాలి. మామూలు ఇంజిన్ ఆయిల్ పోసి నడిపిన యాక్సిల్‌లో పళ్ల మీద గీతలు పడి ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక మోత, వదిలినప్పుడు మరో మోత వస్తుంటే క్రౌన్, పినియన్ అమరిక చూడాలి. రెండు సందర్భాల్లోనూ ఒకే మోత ఉంటే బేరింగుల్ని ముందుగా అనుమానించాలి.

చట్టం చూసేది ఏ బరువు?

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం యాక్సిల్ బరువు పరిమితులను పెంచింది. నాలుగు టైర్లున్న సింగిల్ యాక్సిల్‌కు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, ఎనిమిది టైర్లున్న జంట యాక్సిల్‌కు 19 నుంచి 21 టన్నులకు పరిమితి పెరిగింది. ఈ పెంపుతో పాత యాక్సిల్‌లోని ఉక్కు మారలేదు. 10.2 టన్నులకు రూపొందించిన హౌసింగ్‌కు ఇప్పటికీ అదే హద్దు. చట్టపరంగా కూడా మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసి ఉన్న మొత్తం బరువును మించి లోడు వేయకూడదు. రవాణా వాహనాల ఆర్‌సీలో యాక్సిళ్లవారీగా నమోదైన బరువు, టైర్ల సైజు ఉంటాయి. బలం గురించి దొరికే అన్నిటికంటే నమ్మదగిన అంకె అదే.

2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 194వ సెక్షన్ కింద 20 వేల రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2 వేల రూపాయలు, అదనపు సరుకు దింపే ఖర్చు పడతాయి. తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి వేరే మోడల్ యాక్సిల్ బిగించి ఉన్న లారీ కొనేవారు, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడిగే ప్రశ్నలను కూడా ముందే ఊహించుకోవాలి.

ఏ పనికి ఏది?

భీమవరం నుంచి కోల్‌కతాకు చేపల లోడు తీసుకెళ్లే లారీకి దారి ఎక్కువగా చదునే. గంటల తరబడి ఒకే వేగంతో పోవాలి. దానికి 41/7 వంటి తక్కువ రేషియో మేలు. చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ దిమ్మెలు మోసే బండి రోజంతా మొదటి రెండు గేర్లలోనే ఎత్తులు ఎక్కుతుంది. దానికి 41/6 తగినది. ఒకదాని కోసం తయారైన లారీని రెండోదానికి కొంటే మెకానిక్ తప్పేమీ లేకపోయినా లెక్క తేలదు. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, మరెక్కడైనా బేరం మొదలుపెట్టే ముందు కొనేవారు తన దారి, తన లోడు ఏమిటో చెప్పి, దానికి తగిన పళ్లు ఉన్నాయో లేదో చూడాలి.

వరస ఇలా పెట్టుకుంటే పని తేలికవుతుంది. ముందు ఆర్‌సీలో వెనక యాక్సిల్ బరువు, టైరు సైజు చూడాలి. ఛాసిస్ నంబరుతో కంపెనీ వేసిన యాక్సిల్, రేషియో ఏవో కనుక్కోవాలి. లారీని నడిపి జీపీఎస్ వేగంతో స్పీడోమీటర్‌ను పోల్చాలి. చదును నేల మీద ఏడు చుట్లు దొర్లించి రేషియో లెక్కపెట్టాలి. ఈ మూడు సమాధానాలు కలిస్తే యాక్సిల్‌ను ఎవరూ మార్చలేదని చాలావరకు నమ్మవచ్చు. కలవకపోతే క్యారియర్ దించి చూపించమని అడగాలి. అమ్మేవారు ఒప్పుకోకపోతే యాక్సిల్ మొత్తం మార్చే ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి, లేదా ఆ లారీని వదిలేయాలి. ఇదంతా ఒక పూట పని. వాయిదాలు మాత్రం ఏళ్ల తరబడి కట్టాలి.